ఆలోచనలో పట్టువిడుపు: అందరికీ ఒకే పాఠమా, ఎవరి పాఠం వారికా?

లెక్కల పంతులమ్మ

చాలా రోజులుగా నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఇది. మనిషి ఒకే గాడిలో ఆలోచించకుండా, ఎదురైన పనిని బట్టి దారి మార్చుకోవడం నేర్పాలంటే ఒక్కొక్కరికీ విడిగా నేర్పాలా? పదిమందినీ కూర్చోబెట్టి ఒకే పాఠం చెబితే చాలదా? చాలదనే నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, కాదనేవాళ్ళు గట్టిగా కాదనండి.

మధ్యలో చదువు మానేసి మళ్ళీ పరీక్షలకు కూర్చుంటున్న పెద్దవాళ్ళకు నేను లెక్కలు చెబుతాను. ఒకరోజు ఈ లెక్క ఇచ్చాను: ఒక సంఖ్యకు 1 కలిపి, వచ్చిన మొత్తాన్ని 3తో గుణిస్తే 15 వచ్చింది, అంటే 3(x + 1) = 15, ఆ సంఖ్య ఎంత? ఒకాయన ఉన్నారు, బ్రాకెట్ కనిపిస్తే చాలు విప్పేస్తారు. లోపలున్న ప్రతిదాన్నీ 3తో గుణించి, అటూ ఇటూ మార్చి, నాలుగు వరసల్లో 4 తెచ్చారు. పక్కనున్న అమ్మాయి 1 పెట్టి చూసింది, 2 పెట్టి చూసింది, 4 దగ్గర ఆగింది. ఇద్దరి జవాబూ సరైనదే. ఇద్దరికీ కలిపి ఒక్క మాటే చెప్పాను: "ముందే రెండు వైపులా 3తో భాగిస్తే రెండు ముక్కల్లో అయిపోతుంది కదా." ఆయన ఒప్పుకోలేదు. బ్రాకెట్ విప్పకుండా ముందుకు పోవడం తప్పని ఆయన నమ్మకం, నేను చూపించింది ఏదో అడ్డదారి అనుకున్నారు. అమ్మాయి వెంటనే ఒప్పేసుకుంది. ఆ రోజు నుంచి కనిపించిన ప్రతి లెక్కనూ ముందు భాగించడం మొదలుపెట్టింది, బ్రాకెట్ బయట ఇంకో 2 కలిపి ఉన్నా సరే, ఆ 2 జోలికి పోకుండా. నేను చెప్పింది ఒకటే వాక్యం. దానితో ఒకరి పాత గాడి ఇంకా లోతైంది, ఇంకొకరికి కొత్త గాడి పడింది.

మనస్తత్వ శాస్త్రవేత్త అబ్రహాం లూచిన్స్ 1942లో ప్రచురించిన నీళ్ళ కుండల ప్రయోగం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. 21, 127, 3 కొలతల కుండలు మూడు ఉన్నాయి, వాటితో సరిగ్గా 100 కొలవాలి. పెద్దది నింపి, అందులోంచి మొదటిదానితో ఒకసారి, మూడోదానితో రెండుసార్లు తీసేస్తే 100 మిగులుతుంది. ఇదే సూత్రంతో తేలే లెక్కలు వరసగా చేయించాక, 23, 49, 3 కుండలిచ్చి 20 కొలవమన్నాడు. మొదటిదాంట్లోంచి మూడోది తీసేస్తే 20 వచ్చేస్తుంది. కానీ చాలామంది మళ్ళీ ఆ పొడుగు దారే పట్టారు. 28, 76, 3 ఇచ్చి 25 కొలవమంటే పొడుగు దారి అసలు పనిచెయ్యదు. అయినా దాన్నే పట్టుకుని చివరికి చేతులెత్తేసినవాళ్ళున్నారు. ముందటి లెక్కలు చెయ్యనివాళ్ళకు మాత్రం అది చిటికెలో పని. అప్పటిదాకా పనికొచ్చిన అనుభవమే వాళ్ళను కట్టేసింది. అనుభవం ఒక్కొక్కరిదీ ఒక్కోటి కదా. ఎవరు ఎక్కడ బిగుసుకున్నారో చూడకుండా అందరినీ ఒకే గాటన కట్టి "విశాలంగా ఆలోచించండి" అంటే ఏం ప్రయోజనం?

ఇంకో మాట. విడిగా నేర్పడం అనగానే ఇప్పుడు చాలామంది "ఎవరికి ఎలా ఇష్టమో అలా" అని అర్థం చేసుకుంటున్నారు. నేను అడుగుతున్నది దానికి దాదాపు ఎదురు. బ్రాకెట్లు విప్పే ఆయనకు విప్పితే చేతులు నొప్పి పుట్టే లెక్క కావాలి. అంకెలు పెట్టి చూసే అమ్మాయికి జవాబు 2/7 వచ్చే లెక్క కావాలి. ఎవరి అలవాటు ఎక్కడ ఓడిపోతుందో అక్కడికి వాళ్ళను తీసుకెళ్ళాలి. ఆ చోటు ఇద్దరికీ ఒకటి కాదు.

పదిమందిలో ఒకడు

పంతులమ్మగారూ, మీ ఉదాహరణ బాగుంది, దాని నుంచి మీరు తేల్చినది మాత్రం బాగాలేదు. మీ క్లాసులోనే మందు ఉంది, మీరు చూడలేదు. ఆయన విప్పే పద్ధతి, ఆ అమ్మాయి పెట్టి చూసే పద్ధతి, మీ భాగించే పద్ధతి, మూడూ బోర్డు మీద పక్కపక్కన రాసి "ఏది ఎప్పుడు మేలు?" అని వాళ్ళిద్దరినీ వాదించుకోనిస్తే సరిపోయేది. మీరు ఆ వాదన జరగనివ్వకుండా మీ పద్ధతిని తీర్పులా చెప్పేశారు. తప్పు కలిపి చెప్పడంలో లేదు, చెప్పిన తీరులో ఉంది.

బెతనీ రిటిల్-జాన్సన్, జాన్ స్టార్ అనే పరిశోధకులు 2007లో సరిగ్గా మీ లెక్కలాంటి సమీకరణాల మీదే పనిచేశారు. ఏడో తరగతి పిల్లలు 70 మంది, జంటలుగా కూర్చున్నారు. కొందరికి ఒకే లెక్కను రెండు పద్ధతుల్లో చేసి పక్కపక్కన చూపించి పోల్చమన్నారు. మిగతావాళ్ళకు అవే ఉదాహరణలు ఒకదాని తర్వాత ఒకటి వేరే పేజీల్లో ఇచ్చారు. పోల్చినవాళ్ళు పద్ధతి మార్చుకోవడంలో మెరుగయ్యారు. అక్కడ ఎవరికీ విడి పాఠం లేదు. అందరికీ ఒకే కాగితం, పక్కన ఒక మనిషి.

నా భయం ఇది. ఒంటరిగా కూర్చోబెట్టి, వాడికోసమే తయారు చేసిన పాఠం చెబితే, వాడికి తనలా ఆలోచించని మనిషి ఎక్కడ ఎదురవుతాడు? తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించేవాడికి నాలుగో కాలు చూపించేది పక్కవాడే.

కీబోర్డు కార్మికుడు

ఇద్దరికీ నమస్కారం. నేను చదువు చెప్పే యాప్ ఒకటి తయారుచేసే జట్టులో పనిచేశాను. పేరు చెప్పను. మేం చేసిన పొరపాటు చెబితే ఈ చర్చకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా యాప్ ప్రతి విద్యార్థికీ విడి దారి వేసేది. ఒక రకం లెక్కలో తప్పు చేస్తే, అదే రకం లెక్కలు వరసగా ఇచ్చేది. కొన్ని వరసగా సరిగ్గా చేస్తే "వచ్చేసింది" అని గుర్తు పెట్టి తర్వాతి రకానికి తీసుకెళ్ళేది. గ్రాఫులు అందంగా పైకి పోతుండేవి, మేం చాలా సంతోషపడ్డాం. ఒక టీచరు గారు ఫోన్ చేసి "మీ యాప్‌లో అన్నీ వచ్చిన పిల్లలు, లెక్కలన్నీ కలిపి పేపర్ ఇస్తే ఏ సూత్రం వాడాలో తెలియక కూర్చుంటున్నారు" అన్నారు. ఆ రోజు నాకు నిద్రపట్టలేదు. లూచిన్స్ కుండల వరసనే మేం పిల్లలకు రోజూ ఇస్తున్నాం. ఇంకా ఘోరం, ఎవరికి ఎంత పొడుగు వరస ఇస్తే బాగా బిగుసుకుంటారో కొలిచి మరీ ఇస్తున్నాం.

తర్వాత చదివితే తెలిసింది, దీని మీద డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లోనే ప్రచురించారని. నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం కనుక్కునే లెక్కలు. ఒక గుంపు ఒక్కో రకాన్నీ విడిగా సాధన చేసింది, ఇంకో గుంపు కలగలిపి చేసింది. సాధన జరుగుతున్నప్పుడు విడిగా చేసినవాళ్ళకు 89 శాతం, కలగలిపి చేసినవాళ్ళకు 60 శాతం సరైన జవాబులు. వారం తర్వాత పరీక్ష పెడితే విడిగా చేసినవాళ్ళకు 20 శాతం, కలగలిపినవాళ్ళకు 63 శాతం. మా యాప్ చూసేది ఆ 89ని మాత్రమే. కలగలిపితే పిల్లవాడి స్కోరు పడిపోతుంది, స్కోరు పడగానే యాప్ "వీడికి కష్టంగా ఉంది" అనుకుని మళ్ళీ ఒకే రకానికి దిగిపోతుంది.

కాబట్టి మేడమ్, విడిగా నేర్పడం మంచిదా కాదా అనే ముందు, ఏది చూసి విడి దారి వేస్తున్నామో అడగాలి. ఇప్పటికిప్పుడు ఎన్ని సరిగ్గా చేశాడన్నది చూసి వేసే దారి మనిషిని గానుగెద్దును చేస్తుంది. అయితే విడి సాయమే వద్దనే మాట కూడా నేను ఒప్పుకోను. కర్ట్ వాన్‌లేన్ 2011లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూశాడు. పక్కన మనిషి కూర్చుని నేర్పడం, లెక్కలో ప్రతి అడుగూ గమనించి సాయం చేసే కంప్యూటర్ పాఠం, రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. చివరి జవాబు మాత్రమే చూసేవి వెనకబడ్డాయి. అడుగడుగూ చూస్తేనే గాడి కనిపిస్తుంది. మీ ఇద్దరు విద్యార్థుల చివరి జవాబు ఒకటే కదా, 4.

లెక్కల పంతులమ్మ

కీబోర్డు కార్మికుడు గారూ, ఇంత నిజాయితీగా రాసినందుకు కృతజ్ఞతలు. నేను మూడు పేరాల్లో చెప్పలేనిది మీరు 89, 20 అనే రెండు అంకెల్లో చెప్పారు.

పదిమందిలో ఒకడు గారూ, మీరు చెప్పిన 2007 అధ్యయనానికి కొనసాగింపు ఉంది. అదే బృందం, కెల్లీ డర్కిన్ కూడా కలిసి, 2009లో ప్రచురించింది. సమీకరణాల పద్ధతి అసలే పట్టుబడని పిల్లలకు రెండు కొత్త పద్ధతులు పక్కపక్కన పెట్టి పోల్చమనడం అంతగా పనిచెయ్యలేదు. వాళ్ళకు ఒకదాని తర్వాత ఒకటి చూడటమే మేలు చేసింది. రెండింట్లో ఒకటైనా చేతిలో ఉన్నవాళ్ళకే పోల్చడం ఉపయోగపడింది. రెండూ తెలియనివాడికి రెండింటి తేడా ఎలా తెలుస్తుంది? అంటే మీరు చెప్పిన ఒకే కాగితం అందరికీ ఒకేలా పనిచెయ్యదని ఆ పరిశోధకులే చూపించారు. ఎవరి దగ్గర ఏముందో ముందు చూడాలి. నేను అంటున్నది కూడా అదే.

పదిమందిలో ఒకడు

అది ఒప్పుకుంటాను. ఆ రెండో అధ్యయనాన్ని నేను పట్టించుకోకపోవడం తప్పే. కానీ అది చెబుతున్నది "ముందు ఒకటి రానీ, తర్వాత పోల్చు" అని. దానికి ఇరవై మందికి ఇరవై పాఠాలు అక్కర్లేదు, క్లాసును రెండు భాగాలు చేస్తే చాలు. మీరు దాన్ని పట్టుకుని "ఎవరి పాఠం వారికే" అనే దాకా వెళ్తున్నారు. ఆ దారిలోనే "నాకు చూస్తే వస్తుంది, నీకు వింటే వస్తుంది" అనే నమ్మకం కూడా పుట్టింది. హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లో ఆ వాదనకు ఆధారాలేమిటని వెతికితే చెప్పుకోదగ్గవి దొరకలేదు. అయినా అది ఇప్పటికీ చావలేదు. "నేనిలాంటివాణ్ణి" అని మనిషి తన గురించి తనే గీసుకున్న గీత కంటే బిగువైన గాడి ఇంకోటి లేదు. దాన్ని మనమే గీసి ఇస్తే ఎలాగండీ?

కొత్త సభ్యుడు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఇంత కష్టం ఎందుకు? రంగులు, ఆకారాలు మారుస్తూ ఆడే మెదడు ఆటలు ఫోన్‌లో చాలా ఉన్నాయి కదా. ఎవరి స్థాయికి తగ్గట్టు అవే కష్టం పెంచుకుంటాయి. రోజూ పది నిమిషాలు ఆడితే మెదడు చురుగ్గా మారదా?

కీబోర్డు కార్మికుడు

తమ్ముడూ, ఆ ఆటలో చురుగ్గా మారతావు. ఏడ్రియన్ ఓవెన్ బృందం 2010లో 11,430 మందితో ఆరు వారాలు ఇలాంటి సాధన చేయించి చూసింది. ఏ ఆట ఆడారో ఆ ఆటలో మెరుగయ్యారు. దానికి దగ్గరగా ఉండే వేరే పరీక్షల్లో కూడా ఆ మెరుగు కనిపించలేదు. ఆడొద్దని చెప్పను, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

వార్డు పాఠాలు

నేను నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. మీ చర్చ అంతా "ఎవరికి" అనే మాట చుట్టూ తిరుగుతోంది. "దేన్ని" అనేది వదిలేస్తున్నారు. లెక్కల్లో పద్ధతి మార్చినా జవాబు మారదు. మా దగ్గర అలా కాదు. ఒకే రోగ లక్షణం ఇద్దరు మనుషుల్లో రెండు వేరే కథలు చెబుతుంది. ఛాతీలో నొప్పి అని వచ్చేవాళ్ళూ ఉంటారు, ఏ నొప్పీ లేకుండా ఆయాసం, నీరసం అంటూ గుండెపోటుతో వచ్చేవాళ్ళూ ఉంటారు. పాఠం చెప్పేటప్పుడు సులువని ఒక్క "నమూనా రోగి"ని ఇచ్చేస్తే, విద్యార్థి జీవితాంతం ఆ ఒక్క రోగి కోసమే చూస్తుంటుంది.

రాండ్ స్పైరో, ఆయన సహచరులు 1980ల చివర్లో చెప్పింది ఇదే. వాళ్ళు వైద్య విద్యార్థులను గమనించారు. మొదట్లో సులువు కోసం చెప్పిన ఒక్క పోలిక తర్వాత అడ్డుగోడ అయిపోతుంది. కండరపు పోగులు పనిచేసే తీరును పడవలో తెడ్లు వేసేవాళ్ళతో పోల్చి చెబితే కొంత అర్థమవుతుంది, కొంత తప్పుగా నాటుకుంటుంది. ఆ తప్పును సరిచెయ్యడానికి ఇంకో పోలిక, దానిలోని లోటుకు మరొకటి ఇవ్వాలన్నారు. ఒకే విషయం మీదుగా వేరే వేరే దిక్కుల నుంచి పదే పదే నడిపించాలి. మైకేల్ జేకబ్‌సన్‌తో కలిసి స్పైరో 1995లో ప్రచురించిన అధ్యయనంలో, అలా అడ్డదిడ్డంగా నడిపించే కంప్యూటర్ పాఠం చదివినవాళ్ళు విషయాలను గుర్తు చెప్పడంలో వెనకబడ్డారు, కొత్త సందర్భానికి అన్వయించడంలో ముందున్నారు. రోరర్ అంకెల్లాంటిదే.

తెలిసి ఉండటం ఒకటి, అక్కరకు గుర్తు రావడం ఇంకొకటి. మేరీ గిక్, కీత్ హోల్యోక్ 1980లో ఒక చిక్కు ఇచ్చారు. కడుపులో కణితి ఉంది. కిరణం బలంగా పంపితే కణితి చస్తుంది కానీ దారిలోని ఆరోగ్యమైన కండా చస్తుంది. ఏం చెయ్యాలి? బలహీనమైన కిరణాలను చుట్టూ నలువైపుల నుంచీ పంపి కణితి దగ్గర కలపాలి. ఊరికే అడిగితే పదిమందిలో ఒకరు చెప్పగలిగారు. సైన్యాన్ని చిన్న దళాలుగా విడగొట్టి అన్ని దారుల్లోంచీ కోటను ముట్టడించిన సేనాని కథ ముందే చదివించినా సుమారు ముగ్గురే. "ఇందాకటి కథ పనికొస్తుందేమో చూడండి" అనగానే ఏడెనిమిది మంది. కథ బుర్రలో ఉంది, పిలవలేదు కాబట్టి రాలేదు. 1983లో ఇద్దరూ మళ్ళీ చూస్తే, అలాంటి కథలు రెండు ఇచ్చి పోల్చమన్నప్పుడు కథ తనంతట తాను పలకడం పెరిగింది.

పంతులమ్మగారూ, మీరు వెతికే చిక్కు మనిషిలోనే ఉంటుందని అనుకోకండి. కొన్నిసార్లు మనం చెప్పిన మొదటి ఉదాహరణలో ఉంటుంది. అది అందరికీ ఒకేలా నాటుకుంటుంది, అందరికీ కలిపే పీకెయ్యవచ్చు.

నల్ల గుర్రం

అక్కా, చదరంగం నేర్పేవాడిగా ఒక్క మాట. మెరిమ్ బిలాలిచ్, పీటర్ మెక్‌లాయిడ్, ఫెర్నాండ్ గోబె 2008లో మంచి ఆటగాళ్ళకు ఒక స్థితి ఇచ్చారు. అందరికీ తెలిసిన ఐదు ఎత్తుల మాట్ (రాజును కట్టేసి ఆట ముగించడం) అందులో ఉంది, అంతగా తెలియని మూడు ఎత్తుల మాట్ కూడా ఉంది. ఐదు ఎత్తులది కనిపించాక ఇంకా చిన్నది వెతకమన్నారు. వాళ్ళు వెతుకుతున్నామనే చెప్పారు. అబద్ధమూ కాదు, నిజంగా అలాగే అనుకున్నారు. కానీ వాళ్ళ కళ్ళను కెమెరాతో చూస్తే, చూపు ఆ ఐదు ఎత్తుల గళ్ళ మీదే తిరుగుతోంది.

ఇది చదివాక నా విద్యార్థులను "ఇంకో ఎత్తు ఆలోచించావా?" అని అడగడం మానేశాను. ఆలోచించానంటారు. ఇప్పుడు వాళ్ళు నమ్ముకున్న బలగాన్ని, అంటే ఆ పావును, బోర్డు మీద నుంచి చేత్తో తీసేసి, "ఇది లేదనుకో, ఏం చేస్తావ్?" అంటాను. ఏ బలగం తియ్యాలన్నది మాత్రం ఆ పిల్లవాడి ఆట తెలిస్తే తప్ప చెప్పలేం. ఒకడు గుర్రాల మీద ప్రాణం పెట్టుకుంటాడు, ఇంకొకడు మంత్రి లేకపోతే కదలడు. ఇది పంతులమ్మగారి వైపు మాట.

రెండో వైపు మాట కూడా ఉంది. అదే పరిశోధకులు గ్రాండ్‌మాస్టర్లను చూస్తే వాళ్ళు ఈ వలలో పెద్దగా పడలేదు. ఎక్కువ తెలిసినకొద్దీ బిగుసుకుపోతారనే మాట సగమే నిజం. కొంత తెలిస్తే బిగుసుకుంటారు, ఇంకా తెలిస్తే వదులవుతారు. కొందరు పిల్లలకు పట్టువిడుపు పాఠమంటూ ఏమీ అక్కర్లేదు, ఇంకో వెయ్యి ఆటలు కావాలి.

పాప వాళ్ళమ్మ

మీ అందరి మాటలూ రెండుసార్లు చదివాను. నేను టీచర్ని కాదు. మా అమ్మాయికి ఆటిజం ఉంది. "పట్టువిడుపు లేదు" అనే మాట మా జీవితంలో లెక్క దగ్గర ఆగదు. రోజూ వెళ్ళే దారి మూసేసి ఉంటే ఆ రోజు మొత్తం కూలిపోతుంది.

మీరందరూ గాడిని విరగ్గొట్టాల్సిన వస్తువులా మాట్లాడుతున్నారు. పంతులమ్మగారు "అలవాటు ఓడిపోయే చోటికి తీసుకెళ్ళాలి" అన్నారు. నేను అదే చేశాను మొదట్లో. మంచిదనే ఉద్దేశంతోనే, చెప్పకుండా దారులు మార్చాను. అలవాటవుతుందనుకున్నాను. ఆరు నెలలు మా అమ్మాయి నా చెయ్యి పట్టుకోవడం మానేసింది. తనకు ఆ అలవాటు గాడి కాదండీ, గోడ. దానికి ఆనుకుని నిలబడుతోంది. నేను గోడ పడగొట్టి, నిలబడలేదేమని అడిగాను.

తర్వాత మాకు దారి చూపిన పద్ధతి వేరు. ఆటిజం ఉన్న పిల్లల కోసం "అన్‌స్టక్ అండ్ ఆన్ టార్గెట్" అనే పాఠ్యక్రమం ఉంది. లారెన్ కెన్‌వర్తీ బృందం 2014లో దాన్ని మూడు నుంచి ఐదో తరగతి పిల్లలతో పరీక్షించి, మెలకువలు పెరిగాయని చూపింది. అందులో బడిలో చిన్న గుంపులుగానే నేర్పుతారు. ఇరుక్కుపోవడం, ప్లాన్ ఎ, ప్లాన్ బి, ఇలాంటి మాటలు కొన్ని నేర్పి, ఇంట్లో మమ్మల్నీ అవే మాటలు వాడమంటారు. అందరికీ మాటలు ఒకటే. కానీ ఏ రోజు, ఏ విషయంలో, ఎంత మార్పు అన్నది పిల్లను బట్టి. మా అమ్మాయికి ప్లాన్ బి ముందు రోజు సాయంత్రమే కాగితం మీద కనిపించాలి. ఇంకో పిల్లాడికి అలా ముందు చెబితే రాత్రంతా అదే దిగులు, అప్పటికప్పుడు చెబితేనే నయం. ఈ తేడా ఏ పుస్తకమూ చెప్పదు.

అందుకని పదిమందిలో ఒకడు గారూ, గుంపులో నేర్పొచ్చు అన్న మీ మాట నిజం. పంతులమ్మగారూ, ఒక్కొక్కరినీ చూడాలన్న మీ మాటా నిజం. కానీ బిగుసుకుపోయినవాడికి తెలియకపోవడం ఎంత, భయం ఎంత అన్నది ముందు చూడండి. మీ బ్రాకెట్ల ఆయనకు భయం లేదని మీకెలా తెలుసు?

లెక్కల పంతులమ్మ

అమ్మా, మీ చివరి వాక్యం చదివి ఒక పూట ఏమీ రాయలేకపోయాను. నిన్న క్లాసు అయ్యాక ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. బ్రాకెట్ విప్పకపోతే ఏమవుతుందనుకుంటున్నారని. "నాకు ఖాయంగా వచ్చింది ఇదొక్కటే మేడమ్. ఇది వదిలేస్తే చేతిలో ఏమీ ఉండదు" అన్నారు. మీ గోడ మాటే.

"ఓడిపోయే చోటు" అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన పద్ధతితో ముందు జవాబు తెచ్చుకుని, చేతిలో జవాబు ఉండగా అదే లెక్కను రెండో దారిలో చెయ్యమన్నాను. తప్పు పోతుందనే భయం లేదు కాబట్టి చేశారు. జవాబు మళ్ళీ 4 రాగానే కాసేపు కాగితం వైపే చూస్తూ ఉండిపోయారు.

వార్డు పాఠాలు గారూ, మొదటి ఉదాహరణ విషయం మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. "ముందు భాగించు" అన్నది నేను నాటిన మొక్కే. అమ్మాయి తప్పును అమ్మాయి స్వభావంగా చూశాను.

అయినా అసలు మాట దగ్గర నేను మారలేదు. ఊరికే "మనసు తెరిచి ఆలోచించండి" అంటే ఎవరూ మారరు. చార్లెస్ లార్డ్, మార్క్ లెపర్, ఎలిజబెత్ ప్రెస్టన్ 1984లో చూపించారు కదా. మరణశిక్ష మీద గట్టి అభిప్రాయాలున్నవాళ్ళకు దానికి సంబంధించిన అధ్యయనాలు చదవడానికి ఇచ్చారు. "పక్షపాతం లేకుండా చూడండి" అంటే ఏ మార్పూ లేదు. "ఇదే అధ్యయనం మీకు ఎదురుగా తేల్చి ఉంటే ఇలాగే మెచ్చుకునేవారా?" అని అడుగుతూ చదవమంటే తూకం సరిపడింది. ఆ ప్రశ్న అందరికీ ఒకటే అయినా, "మీకు ఎదురుగా" అన్న మాట దగ్గర ఎవరి ఎదురు వారిది. నాకు అలాంటి పాఠం కావాలి.

పదిమందిలో ఒకడు

ఇది నాకు నచ్చింది. అందరికీ ఒకే ప్రశ్న, ఎవరికి వారు నింపుకునే ఖాళీ. దీన్ని మీరు విడి బోధన అంటారు, నేను ఉమ్మడి బోధన అంటాను, పేరు దగ్గర పోట్లాడను.

కానీ ఒకటి వదలను. విడిగా నేర్పేచోట ఎవరు ఎక్కడ బిగుసుకున్నారో తేల్చేది ఒక్క మనిషి. ఆ మనిషి బిగుసుకున్న చోటు ఎవరు చూస్తారు? పదిమంది ఉన్న గదిలో మీ గాడి మీ విద్యార్థులకు కనిపిస్తుంది. ఇద్దరే ఉన్న గదిలో మీ గాడే రూలు అయిపోతుంది. మీ పాత పేపర్లు ఒకసారి తీసి చూడండి, జవాబు సరిగ్గా ఉండి మీరు మార్కులు కోసినవి. కోపం తెచ్చుకోవద్దు, మీరు చూస్తారన్న నమ్మకంతోనే అడుగుతున్నాను.

నల్ల గుర్రం

నేనూ చూసుకోవాలి ఇది. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ ఒకే ఓపెనింగ్ ఆడతారు. నేను ఆడేదే.

లెక్కల పంతులమ్మ

చూశాను. నిన్న రాత్రి గత రెండు పరీక్షల పేపర్లన్నీ తీసి కూర్చున్నాను. జవాబు సరిగ్గా ఉన్నా నేను ఎర్ర ఇంకుతో "పద్ధతి ఏదీ?" అని రాసి మార్కులు తగ్గించినవి ఐదు దొరికాయి. అందులో మూడింటిలో నిజంగానే పద్ధతి లేదు, పక్కవాళ్ళ పేపర్లో చూసి రాసినట్టున్నారు. ఒకటి నాకే అర్థం కాలేదు, రేపు ఆ పిల్లను అడగాలి.

ఐదోది ఇది. రెండు సంఖ్యల మొత్తం 40, వాటి తేడా 6, ఆ సంఖ్యలేవి? నేను రెండు సమీకరణాలు రాసి సాధించడం నేర్పాను. ఆ పేపర్లో సమీకరణమే లేదు. "40లో సగం 20. 6లో సగం 3. 20కి 3 కలిపితే 23, తీస్తే 17" అని మూడు ముక్కలు రాసి ఉంది. నేను రెండు మార్కులు కోశాను.

ఆ పేపరు బ్రాకెట్ల ఆయనది. రేపు క్లాసులో ఆ లెక్క బోర్డు మీద ఆయన చేతే చేయిస్తాను, కోసిన మార్కులు అందరి ముందూ తిరిగి వేస్తాను.